పెళ్ళి సర్టిఫికెట్ పారేసిన ఆవిడ

మా ఇంట్లో కాగితాలన్నీ మా ఆయన అధీనంలో ఉంటాయి. పాస్‌పోర్టులు, కార్ల టైటిల్ కాగితాలు, ఇంటి పత్రాలు, ఆఖరికి అమ్మాయి ప్రీస్కూల్లో గీసిన బొమ్మలు కూడా మేడమీద గదిలో బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. తాళంచెవి ఆయన కారు తాళాలతోనే తిరుగుతుంటుంది. నా చేతికిస్తే పారేస్తానని భయం. నేను ఒకప్పుడు పెళ్ళి సర్టిఫికెట్ పారేసిన ఘనురాలిని కదా. అమెరికాలో మేముండే కమ్మింగ్‌లో మమ్మల్ని ఎరిగిన తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరు భోజనానికొచ్చినా, మాట వీసాల మీదకో గ్రీన్‌కార్డుల మీదకో మళ్ళితే చాలు, చేతిలో ముద్ద చేతిలో ఉండగానే ఆయన మొదలుపెడతారు. "మా ఆవిడ పెళ్ళి సర్టిఫికెట్టే పారేసింది. మొగుణ్ణి పారేయలేదు, అదే పదివేలు." అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతూనే వడ్డించేదాన్ని.

ఇక రెండో సంగతి బయటివాళ్ళెవరికీ తెలియదు. ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో ఆయన్ని పక్క గదిలోకి తీసుకెళ్తారు. కౌంటర్ దగ్గర ఆఫీసరు మా పాస్‌పోర్టులు స్కాన్ చేస్తాడు. నాది నా చేతికిస్తాడు. ఆయనది మాత్రం ఇవ్వకుండా స్క్రీన్ వంక కాసేపు చూసి, ఇంకో ఆఫీసర్ని పిలిచి అప్పగిస్తాడు. ఆయన తల వంచుకుని ఆ మనిషి వెనకాలే వెళ్తారు. నేను పెట్టెల దగ్గరికి పోయి కూర్చుంటాను. మా విమానంలో వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోతారు, బెల్టు తిరగడం ఆగిపోతుంది, చివరికి మా పెట్టెలూ నేనూ మిగులుతాం. ఒకసారి గంట, ఒకసారి మూడు గంటలు. వచ్చాక ఆయన ఏమీ చెప్పరు. నేనూ అడగను. కారెక్కి ఇంటికి వస్తాం.

మేము సిటిజన్లమై ఎన్నేళ్ళో అయింది, అయినా ఈ తంతు ఆగలేదు. అమ్మాయికి మాత్రం, నాన్న పేరే ఉన్న ఎవడో దొంగవెధవ ఉన్నాడట, అందుకే ఆపుతారని చెప్పాం. అది పాపం నిజమే అనుకుంది. ఇప్పుడు కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఉద్యోగం చేస్తోంది. పోయినేడు మాతోపాటు ఇండియా వచ్చి, తిరిగి వచ్చేటప్పుడు నాతో కలిసి ఆ పెట్టెల దగ్గర కూర్చునేసరికి ఒళ్ళు మండిపోయింది దానికి. ఇంటికొచ్చిన రోజే, "గ్లోబల్ ఎంట్రీ అప్లై చేయండి నాన్నా. ఆఫీసర్ వన్స్ మీ డాక్యుమెంట్స్ చూస్తే, ఈ నేమ్ మ్యాచ్ గోల పోతుంది" అని వాళ్ళ నాన్నకి నూరిపోసింది. ఆయన ఊఁ అన్నారు. ఆయనకి ఆశ పుట్టింది. గ్లోబల్ ఎంట్రీ అంటే ఎయిర్‌పోర్టులో క్యూ లేకుండా మెషిన్ దగ్గర్నుంచే బయటికి పంపించే కార్డు. ఈ మనిషి నమ్మదగ్గవాడని ప్రభుత్వమే ఒకసారి చూసి కార్డు ఇచ్చేస్తే, ఇక ఆ గది ఉండదు కదా.

పేరు కాదు, ఏం కాదు. ఆయన్ని ఒకసారి పోలీసులు అరెస్టు చేశారు. నన్ను కొట్టినందుకు.

అప్పుడు మేము ఒక అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మాయికి మూడేళ్ళు. ఆ పొద్దున గ్రీన్‌కార్డు అప్లికేషన్ కోసం లాయర్ దగ్గరికి ఒరిజినల్స్ అన్నీ పట్టుకెళ్ళాలి. అన్నీ ఉన్నాయి, పెళ్ళి సర్టిఫికెట్ లేదు. ముందురోజు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆయన చేతికే ఇచ్చినట్టు నాకు గుర్తు. ఇవ్వలేదన్నారు. ఇచ్చానన్నాను. ఇల్లంతా చిందరవందర చేసి, టైమైపోతోందని కేకలు వేస్తున్నారు. నేను పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతూ, "మీ కళ్ళు నెత్తికెక్కితే కాగితం ఎక్కడ కనపడుతుంది" అన్నాను. నా నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. విసురుగా వచ్చి కొట్టారు. ఒక్కటే దెబ్బ. ఆ దెబ్బకి నేను వెళ్ళి ఫ్రిజ్‌కి కొట్టుకున్నాను. గాజులు పగిలి మణికట్టులో దిగబడ్డాయి. రక్తం చూసి పిల్ల కెవ్వుమంది. కింద ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఫోన్ చేసి పోలీసుల్ని పిలిచింది.

పోలీసులు ఇద్దరొచ్చారు. ఒకతను నన్ను బయట మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఏం జరిగిందని అడిగాడు. జారిపడ్డానని చెప్పాను. నా చెంప మీద వేళ్ళ అచ్చులు తేలి ఉన్నాయని నాకేం తెలుసు? ఆయనకి బేడీలు వేసి, చుట్టుపక్కలవాళ్ళు కిటికీల్లోంచి చూస్తుండగా మెట్లు దింపి తీసుకెళ్ళారు. ఆఫీసుకి వేసుకునే ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళారు. పొయ్యి మీద ఉప్మా మాడిపోయింది.

మర్నాడు బెయిల్ కట్టి తీసుకొచ్చింది మాకు తెలిసిన ఒక డాక్టరుగారు. వాళ్ళావిడ నాకోసం పప్పూ కూరా డబ్బాల్లో పెట్టి తెచ్చి, సోఫాలో నా పక్కన కూర్చుని, "బంగారంలాంటి మనిషమ్మా, ఏదో టెన్షన్‌లో చెయ్యి జారింది. మనమే కాస్త తగ్గాలి" అంది. తగ్గాను. మిగతావాళ్ళందరికీ ఆయన క్లయింట్ పని మీద డాలస్ వెళ్ళారని చెప్పాం. కోపం అణుచుకోవడం నేర్పే క్లాసులకి వెళ్ళమని కోర్టు చెప్పింది. శనివారం శనివారం వెళ్ళేవారు, బుద్ధిగా. క్లాసులు పూర్తయ్యాక కేసు కొట్టేశారు. గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ తరవాత ఎన్నడూ నా మీద చెయ్యెత్తలేదు, ఆ మాట నిజం. ఆ సంగతి నా దగ్గర ఎత్తనూ లేదు. ఒక్క ముక్క లేదు. అదేదో నిజంగానే డాలస్‌లో జరిగినట్టు.

ఆ సర్టిఫికెట్ కోసం మాత్రం నేను వారాల తరబడి వెతికాను. బియ్యం డబ్బా అడుగున, పరుపు కింద, పిల్ల బొమ్మల బుట్టలో, పట్టుచీరల మడతల్లో. మణికట్టుకి కట్టు కట్టుకునే వెతికాను. ఆయన సోఫాలో కూర్చుని చూస్తుండేవారు. ఒకనాడు, దొరికింది, లాయర్‌కి పంపేశానన్నారు. ఎక్కడ దొరికిందండీ అంటే, "నువ్వు పెట్టినచోటే" అన్నారు. ఆయన చేతికిచ్చానని నేను అనుకున్నది భ్రమన్నమాట. ఆ రోజు నుంచి కాగితాల విషయంలో నా మాట మీద నాకే నమ్మకం పోయింది. బీరువా తాళంచెవి ఆయన దగ్గరికి వెళ్ళింది కూడా అప్పుడే.

గ్లోబల్ ఎంట్రీకి ఇద్దరి అప్లికేషన్లూ ఆయనే ఆన్‌లైన్‌లో నింపారు. తనదాంట్లో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న చోట అవునని పెట్టక తప్పలేదు. కొన్నాళ్ళకి ఇద్దరికీ షరతులతో అప్రూవల్ వచ్చింది, ఎయిర్‌పోర్టులోనే ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఆయన మాత్రం ఆ పాత కేసు ఎలా ముగిసిందో కోర్టు సీలు వేసిన కాగితం తేవాలి. ఆయన క్యాలెండర్ చూసుకుని, "నాకు వీక్ అంతా మీటింగ్సే. నీకు మధ్యాహ్నం ఫ్రీయే కదా, నువ్వెళ్ళి తీసుకురా" అన్నారు. నేను ఒక డేకేర్‌లో ఒంటిగంట దాకా పనిచేస్తాను. ఆ తరవాత ఖాళీయే. దెబ్బ తిన్నదాన్నే, దెబ్బ కాగితం కోసం వెళ్ళమంటున్నారని ఆయనకి తట్టనైనా తట్టలేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే ఆ గది అలాగే ఉంటుంది, నేనూ ఆ పెట్టెల దగ్గర అలాగే కూర్చోవాలి.

కోర్టులో కిటికీ వెనక ఉన్నామె పాత కేసు కాబట్టి స్టోరేజ్‌లోంచి తెప్పించాలి, నాలుగు రోజులాగి రమ్మంది. మళ్ళీ వెళ్ళాను. డిఫెండెంట్, అంటే ముద్దాయి, మీరేనా అని అడిగింది. కాదు, ఆయన భార్యనన్నాను. ఆమె కాగితం వంక చూసింది, నా వంక చూసింది, తరవాత మరేం అడగలేదు. సీలు వేసి ఇచ్చింది. పార్కింగ్‌లో కారులో కూర్చుని చదివాను. అందులో ఒకచోట నా పూర్తి పేరుంది. దాని పక్కన బాధితురాలు అని ఉంది. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అనలేదు. నోరున్నది అన్నారు, సర్దుకుపోయింది అన్నారు, కాగితాలు పారేస్తుంది అన్నారు. కారులో ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో అప్పటికి సరిగా తెలియలేదు.

ఇంటికొచ్చి ఆయన చేతికిస్తే, కవరు విప్పుతూ, "ఫర్వాలేదే, దార్లో ఎక్కడా పారేయకుండా తెచ్చావే" అన్నారు నవ్వుతూ. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇక ఫైలు సంగతి. రమ్మన్న ఉత్తరంలో తెమ్మన్నవి పట్టుమని ఐదు కాగితాలు లేవు. పాస్‌పోర్టు, డ్రైవర్ లైసెన్సు, ఇంటి అడ్రసుకి రుజువుగా ఒక బిల్లు, ఆ కోర్టు కాగితం. మనవాళ్ళు అలా వెళ్తారా? చెన్నైలో అమెరికన్ కాన్సులేట్ ముందు వీసా కోసం తెల్లారకుండా నిలబడిన జన్మలాయె. ఆయన రెండు శనివారాలు కూర్చుని ఫైలు తయారుచేశారు. మూడేళ్ళ ట్యాక్సులు, ఇంటి లోను స్టేట్‌మెంటు, ఉద్యోగం ఉత్తరం, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, ఆయన డిగ్రీ మార్కుల జాబితా కూడా. ఒక్కోదానికీ ప్లాస్టిక్ కవరు, రంగు చీటీ. అన్నిటికంటే పైన పెళ్ళి సర్టిఫికెట్ పెట్టారు. ఇదెందుకండీ, ఎవరడిగారు అంటే, ఉండనీ, ఇద్దరం కలిసి వెళ్తున్నాం కదా, ఏమడుగుతారో అన్నారు. ఒక కాగితం కోసం పెళ్ళాన్ని కొట్టిన మనిషి, అదే కాగితాన్ని అన్నిటికంటే ముందు పెట్టుకుని బయల్దేరుతున్నాడు. బాగానే ఉంది సంబడం అనుకున్నాను.

మాక్ ఇంటర్వ్యూ కూడా మా ఇంట్లో ఆచారమే. పెళ్ళైన కొత్తలో నా వీసాకి ఆయనే ఆఫీసరై నన్ను కూర్చోబెట్టి తోమారు. అడిగినదానికే చెప్పు, నవ్వకు, చేతులు తిప్పకు. సిటిజన్‌షిప్పుకీ అంతే. ఎప్పుడూ ఆయనే ఆఫీసరు, నేనే జవాబులు చెప్పేదాన్ని. ఈసారి నా కేసులో అడగడానికేమీ లేదు. కాబట్టి మొదటిసారి నన్ను ఆఫీసర్‌గా కూర్చోమన్నారు. భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ దగ్గర, ఆయన కూర్చునే కుర్చీలో నేను కూర్చున్నాను. ఎదురుగా ఆయన, ముందు ఫైలు.

మొదటి రోజు పద్ధతిగానే అడిగాను. అడ్రస్ ఏమిటి, ఏ దేశాలు వెళ్ళారు, అరెస్టయ్యారా. దానికి అప్పటి కేసు లాయర్ నేర్పిన వాక్యం ఆయనకి నోటికి వచ్చు. ఇద్దరి మధ్యా అపార్థం వచ్చింది, కింది ఇంటావిడ పొరపాటు పడింది, కేసు కొట్టేశారు. ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పారు. రెండో రోజు నేను, ఆమెకి దెబ్బ తగిలిందా అని అడిగాను. ఆయన మొహం చిట్లించి, "వాళ్ళు అలా అడగరు" అన్నారు. అడిగితే అన్నాను. అడిగితే కోర్టు పేపర్ చూసుకోమంటానన్నారు. నాకు కుర్చీ బలమో ఏమో, ఇన్నేళ్ళు నోటిదాకా రానివి ఇంగ్లీషులో బయటికొచ్చేస్తున్నాయి. మూడో రోజు, గొడవ దేని గురించి అని అడిగాను. ఒక డాక్యుమెంట్ మిస్‌ప్లేస్ అయిందన్నారు. "హూ మిస్‌ప్లేస్డ్ ఇట్?" అన్నాను.

ఆయన నా వంక చూశారు. తరవాత ఫైలు మూసేసి, "ఇంక చాల్లే. నాకొచ్చేసింది" అని లేచి మేడమీదకి వెళ్ళిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు రెండు గంటల ముందే ఎయిర్‌పోర్టు చేరాం. ఆయన నీలం సూట్ వేసుకున్నారు, నన్ను చీర కట్టుకోమన్నారు. చుట్టూ నిక్కర్లూ టీషర్టులూ వేసుకుని, చేతిలో ఒక్క పాస్‌పోర్టుతో వచ్చినవాళ్ళు. మేమేమో పెళ్ళికి వెళ్తున్నట్టు. ఆయన అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నారు. ఎన్నాళ్ళకో ఆయన మీద జాలేసింది. ఈ మనిషికి ఆ కార్డు రావాలి అనుకున్నాను. మనస్ఫూర్తిగానే అనుకున్నాను.

నెరిసిన జుట్టుతో, మెళ్ళో కళ్ళజోడు వేలాడేసుకున్న ఒక ఆఫీసరమ్మ మా ఇద్దర్నీ కలిపే లోపలికి పిలిచింది. నాది చిటికెలో అయిపోయింది. వేలిముద్రలు, ఫొటో, రెండు ప్రశ్నలు. ఆ తరవాత ఆయన వైపు తిరిగింది. ఆయన ఫైలు మొత్తం ముందుకు జరిపితే, ఇదంతా అక్కర్లేదంటూ కోర్టు కాగితం మాత్రం అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. తీసి పక్కన పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి అంది. ముందు ఒక హెచ్చరిక కూడా చెప్పింది, ఇక్కడ అబద్ధం చెప్పారని తేలితే ఇక ఇవ్వరని.

ఆయన నోరు తెరిచారు. అపార్థం అన్న మాట సగం వచ్చి ఆగిపోయింది. ఫైల్లో పైనున్న పెళ్ళి సర్టిఫికెట్ వంక చూశారు. మర్చిపోయారు, ఇక కార్డు రాదు అనుకున్నాను. అప్పుడు ఆయన ఇంగ్లీషులో, ఒక్కొక్క ముక్కా విడివిడిగా చెప్పారు. ఒక డాక్యుమెంట్ కనపడలేదు. నా భార్యే పారేసిందన్నాను. "ఐ హిట్ హర్. షి వాజ్ బ్లీడింగ్." ఇక్కడిదాకా చెప్పి, ఆమె అడక్కుండానే ఇంకోటి చెప్పారు.

"ది డాక్యుమెంట్ వాజ్ ఇన్ మై బ్యాగ్."

ఆఫీసరమ్మ రాసుకుంది. మళ్ళీ ఎప్పుడైనా జరిగిందా అని అడిగింది. లేదన్నారు. ఆమె నా వైపు తిరిగి, మెల్లగా, "మ్యామ్, ఆర్ యూ సేఫ్ ఎట్ హోమ్?" అంది. యెస్ అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆమె అడిగింది నాకు సరిగా వినపడితేగా. ఆయన బ్యాగు నాకు కళ్ళకి కడుతోంది. నల్లటి లాప్‌టాప్ బ్యాగు, ముందు జిప్పు పాడైపోయింది. అది తలుపు పక్కన, చెప్పుల స్టాండ్ మీద ఉండేది. నేను బియ్యం డబ్బా బోర్లించి వెతికినన్నాళ్ళూ అది అక్కడే ఉంది.

కారు హైవే ఎక్కింది. అప్పుడు అడిగాను, ఎప్పుడు తెలిసిందండీ అని.

"బెయిల్ మీద వచ్చాక. మర్నాడు ఆఫీస్‌కి వెళ్ళి బ్యాగ్ ఓపెన్ చేస్తే ఉంది."

"మరి నేను వెతుకుతుంటే చూస్తూ కూర్చున్నారు."

"చెప్దామనే అనుకున్నా. ఎలా చెప్పాలో తెలీలేదు. తర్వాత ఇంక లేట్ అయిపోయింది."

"ఇవాళ ఎలా చెప్పగలిగారు?"

"ఫాల్స్ స్టేట్‌మెంట్ ఇస్తే జన్మలో అప్రూవ్ చెయ్యరే. విన్నావుగా" అన్నారు. అంత మామూలుగా అన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. యూనిఫాం వేసుకున్న ఎవరో ఒకామె, పేరైనా తెలియని మనిషి, ఒక్కసారి అడిగితే నిజం చెప్పారు. నేను అడిగినప్పుడు చెప్పలేదు, ఆయన ఎదురుగానే ఉన్నానుగా, రోజూ, అన్నం పెడుతూ.

మా ఎగ్జిట్ వచ్చేటప్పుడు ఒకటే అడిగాను. క్షమాపణలేమీ అడగలేదు, నాకవి అక్కర్లేదు. "ఇంకెప్పుడైనా ఎవరైనా నేను సర్టిఫికెట్ పారేశానంటే, పారేయలేదని చెప్పండి. మీ బ్యాగ్‌లో ఉందని చెప్పండి. కొట్టింది చెప్పక్కర్లేదు. ఈ ఒక్క ముక్క చాలు."

"సరే" అన్నారు. ఇండికేటర్ వేశారు.

ఇద్దరికీ అప్రూవ్ అయింది. అమ్మాయి ఫోన్ చేసి, నేమ్ మ్యాచ్ గొడవ వదిలిందా నాన్నా అని సంబరపడింది. ఆయన కూడా సంబరంగానే, వదిలిందమ్మా అన్నారు. కార్డులు పోస్టులో వచ్చాయి, ఆయన తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. మొన్న ఇండియా నుంచి వచ్చేటప్పుడు మెషిన్ ముందు మొహం పెట్టి, పది అడుగులు వేసి బయటపడ్డాం. బెల్టు ఇంకా తిరగడమే మొదలుపెట్టలేదు. ఆయన నా భుజం తట్టి, "చూశావా, ఎంత హాయిగా ఉందో" అన్నారు. నేను వెనక్కి తిరిగి ఆ గది తలుపు వంక చూశాను. చెప్పకూడదు గానీ, అన్నేళ్ళూ ఆ పెట్టెల దగ్గర కూర్చున్నప్పుడు నాకొక చిన్న ఊరట ఉండేది. ఏడాదికోసారైనా, ఎవరో ఒకరు, ఆయన్ని దాని గురించి అడుగుతున్నారు కదా అని. ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా లేరు.

ఆ తరవాతి శనివారం మా కాలనీలోకి ఈమధ్యే వచ్చిన ఒక జంటని మళ్ళీ భోజనానికి పిలిచాం. చిన్నవాళ్ళు, పెళ్ళై రెండేళ్ళు కాలేదు. వాళ్ళూ గ్లోబల్ ఎంట్రీకి అప్లై చేశారట, ఏమేం పట్టుకెళ్ళాలని ఆ అబ్బాయి అడిగాడు. ఆయనకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో, ఏ ప్రశ్నకి ఎలా జవాబు చెప్పాలో, అంతా చెప్పుకొచ్చారు. నేను గుత్తివంకాయ కూర వడ్డిస్తూ వింటున్నాను.

అప్పుడు ఆ అమ్మాయి నా వంక తిరిగి, అభిమానంగానే, "ఆంటీ, మీరు మ్యారేజ్ సర్టిఫికెట్ పారేశారంట కదా. లాస్ట్ టైమ్ అంకుల్ చెప్పారు. నేనూ అంతే ఆంటీ, మా ఆయన నా చేతికి ఏ పేపరూ ఇవ్వరు" అంది.

నేను కూర గిన్నె టేబుల్ మీద పెట్టేశాను. పెట్టి, ఆయన వంక చూశాను. ఆయనకి అర్థమైంది. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఒక్క ముక్కే, అది కూడా తెలుగులో, తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని చెప్పాలి. ఆ ఇద్దరూ నవ్వుమొహాలతో ఎదురుచూస్తున్నారు. నేను కూడా ఎదురుచూశాను. ఆయన అన్నం ఒకసారి కలిపారు. తల ఎత్తకుండానే, "కొంచెం పెరుగు వెయ్యి" అన్నారు.

పెరుగు వేశాను. వేసి, ఆ అమ్మాయితో, "నేను పారేయలేదమ్మా. మీ అంకుల్ బ్యాగ్‌లోనే ఉంది" అన్నాను.

ఆ అబ్బాయి, "అంకుల్, ఆంటీ భలే కౌంటర్ వేశారు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.